సగంలో ఆగిన వ్యాసాలు: ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాల్లో చిత్తుప్రతుల నిర్వహణ

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఎవరో మొదలుపెట్టి, పాఠకుడి ముందు పెట్టే స్థితికి ఇంకా రాని వ్యాసాన్ని చిత్తుప్రతి అంటారు. ముసాయిదా అన్న మాట కూడా వాడుకలో ఉంది. వికీపీడియా వంటి చోట ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా మధ్యలో మానేయవచ్చు. మొదటి రెండిటి గురించి అందరూ చెబుతారు. మూడోదాని వల్ల పోగుపడే సగం వ్యాసాలను ఏం చేయాలి, ఎంతకాలం ఉంచాలి, ఎవరికి అప్పగించాలి అన్నదే చిత్తుప్రతుల నిర్వహణ.

చిత్తుప్రతిని మొలకతో కలిపి చూడడం పరిపాటి గానీ రెండూ వేరు. తెలుగు వికీపీడియాలో మొలక అంటే చిన్న వ్యాసం. నాలుగు వాక్యాలే ఉన్నా, ఆ నాలుగూ నిజమై, వాటికి మూలాలుంటే దాన్ని పాఠకుడికి చూపించడానికి అభ్యంతరం లేదు. చిత్తుప్రతి పెద్దదైనా కావచ్చు. పది పేరాలుండి, వాటిలో ఏవి రూఢి అయినవో, ఏవి విన్నవో తేలకపోతే అది చిత్తుప్రతే. అంటే తేడా నిడివిలో లేదు, నమ్మకంలో ఉంది. ఈ సంగతి మరిచిపోయి బైట్ల లెక్కతో నడిచే విధానాలు తరచు పప్పులో కాలేస్తాయి.

బైట్ల లెక్క తెలుగులో మరీ చిక్కు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు చిహ్నం యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడి చిహ్నాలే. 'పద్మశాలి' అని రాస్తే 8 చిహ్నాలు, 24 బైట్లు. మొలకకు కొలబద్దగా వాడే 2 కిలోబైట్లలో తెలుగు మాటలు ఎనభై, తొంభైకి మించి పట్టవు. పైగా ఒక సమాచారపెట్టె తగిలిస్తే చాలు, ఒక్క వాక్యం రాయకుండానే ఆ గీత దాటిపోవచ్చు.

అచ్చు కాలం

అచ్చు పుస్తకాల రోజుల్లో సగంలో ఆగేది వ్యాసం కాదు, సర్వస్వమే. తెలుగులో దీనికి పెద్ద ఉదాహరణ కొమర్రాజు వెంకట లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ఆయన 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి నాగపూరులో చదువుకున్నారు. మరాఠీలోనూ వ్యాసాలు రాశారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టాక, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి వారి తోడ్పాటుతో సర్వస్వం పని చేపట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. వర్ణమాల ఇంకా ఆరంభంలోనే ఉండగా 1923 జూలైలో ఆయన కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు భుజానికెత్తుకున్నారు. 1938లో ఆయనా వెళ్లిపోయారు. అదే కాలంలో మరాఠీలో శ్రీధర్ వెంకటేశ్ కేత్కర్ 1920ల్లో 23 సంపుటాల మహారాష్ట్రీయ జ్ఞానకోశాన్ని పూర్తి చేయగలిగారు. రెండు పనుల మధ్య తేడా పాండిత్యంలో లేదనే చెప్పాలి. సంపాదకుడు పోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఎక్కడ అందుకుంటారు అన్న ఏర్పాటు తెలుగు వైపు కుదరలేదు.

నుపీడియా తర్వాత

ఇంటర్నెట్‌లో తొలి పాఠం కూడా సగంలో ఆగిన వ్యాసాలదే. జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ 2000 మార్చిలో నుపీడియా ప్రారంభించారు. అక్కడ రాసేది నిపుణులు. ప్రతి వ్యాసమూ ఏడు మెట్ల పరిశీలన దాటాలి. 2003లో మూతపడే నాటికి ఆ మెట్లన్నీ ఎక్కినవి 25 వ్యాసాలు, మెట్ల మీదే మిగిలినవి 74. దానికి పక్కవాయిద్యంగా 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా సరిగ్గా తిరగేసిన పద్ధతి పట్టింది: ముందు అందరికీ చూపించు, తర్వాత దిద్దుకో. తొలి ఏళ్లలో చిత్తుప్రతికి విడిగా గది అంటూ లేదు. వ్యాసమే చిత్తుప్రతి.

ఆ ధీమా 2005లో సడలింది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ జీవిత వ్యాసంలో ఎవరో కెనడీ హత్యతో ఆయనకు ముడిపెడుతూ రాసిన అబద్ధం నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. ఆ ఏడాది డిసెంబరులో ఇంగ్లీషు వికీపీడియా, ఖాతా లేనివారు కొత్త పేజీలు సృష్టించడాన్ని ఆపేసింది. వారు రాసినవి పరిశీలించి ప్రచురించే ఏర్పాటు అప్పటి నుంచే ఎదిగింది. 2013 డిసెంబరులో చిత్తుప్రతులకు ప్రత్యేక పేరుబరి (నేమ్‌స్పేస్) వచ్చింది. అందులోని పేజీలను సెర్చి ఇంజన్లు చూపించకుండా కట్టడి ఉంటుంది గానీ తాళం ఉండదు. లింకు తెలిసినవారు ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. 2018 నుంచి కొత్తగా చేరినవారు, కొన్ని రోజులు గడిచి కొన్ని దిద్దుబాట్లు చేసేదాకా, నేరుగా వ్యాసం సృష్టించలేరు. వారికి చిత్తుప్రతే దారి. జర్మన్ వికీపీడియా వంటి చోట్ల ఈ పని వాడుకరి పేజీ కింద ఉపపేజీలోనే సాగుతుంది.

తెలుగులో

తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో వెన్న నాగార్జున ప్రారంభించారు. ఇక్కడ సమస్య పుట్టిన దారి వేరు. కొత్తవారు తప్పులు రాస్తారన్న భయం కంటే, ఒక్కసారిగా వచ్చిపడిన రాశిని సాగు చేసే చేతులు చాలకపోవడం ఇక్కడి కష్టం. తొలి దశాబ్దంలోనే వేల గ్రామాలకు ఒకటి రెండు వాక్యాల పేజీలు బాటు (దానంతట అదే దిద్దుబాట్లు చేసే ప్రోగ్రాము) సాయంతో పుట్టాయి. ఏళ్ల తరబడి అవి అలాగే ఉండి, తర్వాత 2011 జనగణన వివరాలతో పెరిగాయి. ఊళ్ల విషయంలో ఇది పనిచేసింది. ఎందుకంటే ప్రతి ఊరికీ నింపవలసిన గళ్లు ఒకటే, నింపే సమాచారం ఒకేచోట దొరుకుతుంది. 2020లో 'మొలకల విస్తరణ ఋతువు' పేరుతో సభ్యులు చిన్న వ్యాసాలను వరసగా పట్టుకుని పెంచారు.

దానికి పూర్తిగా భిన్నమైనది గూగుల్ అనువాదాల అనుభవం. 2009-11 మధ్య గూగుల్ తన అనువాద ఉపకరణంతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో, ఇంగ్లీషు వ్యాసాలను కొన్ని భారతీయ భాషల్లోకి తెచ్చింది. తెలుగులోకి అలా రెండు వేల దాకా వచ్చాయి. చూడడానికి అవి నిండు వ్యాసాలు. పొడవున్నాయి, బొమ్మలున్నాయి, మూలాలున్నాయి. చదవబోతే వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో తెలియదు. అనువదించినవారు చర్చ పేజీలో అడిగితే పలికేవారు కారు. బెంగాలీ సముదాయం వాటిని ముందే వద్దంది. వికీపీడియా సభ్యులు కలిసే వికీమేనియా సదస్సులో 2010లో గూగుల్ తన పనిని వివరిస్తే, తమిళ సభ్యులు అదే వేదికపై దాని లోపాలను చూపించారు. తెలుగు సభ్యులు కొన్నిటిని దిద్దారు, కొన్నిటిని తర్వాత తొలగించారు. నిండుగా కనిపించే చిత్తుప్రతి అన్నిటికంటే మొండిది. సగం రాసినదాన్ని చూస్తే కనీసం ఇది సగం అని తెలుస్తుంది.

ఆ చేదు వల్లనే కాబోలు, తర్వాత వచ్చిన వికీపీడియా సొంత అనువాద పరికరంలో తెలుగుకు గట్టి గీత గీసుకున్నారు. యంత్రం ఇచ్చిన పాఠంలో దిద్దకుండా వదిలినది 70 శాతం మించితే ప్రచురించనివ్వదు. ఈ పరికరంలో మరో తమాషా ఉంది. పూర్తికాని అనువాదం అనువాదకుడి సొంత జాబితాలోనే ఉంటుంది. అదే వ్యాసాన్ని మరొకరు మొదలుపెడితే, ఫలానావారు ఇప్పటికే చేస్తున్నారన్న హెచ్చరిక వస్తుంది తప్ప, వారు చేసిన పని మాత్రం కనిపించదు.

సోలాపూర్ పూర్వభాగం ఉదాహరణగా

పైవన్నీ నిబంధనలు. చిత్తుప్రతి నిజంగా ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఒక విషయాన్ని పట్టుకుని చూడాలి. మహారాష్ట్రలోని సోలాపూర్ నేత పేటలను తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు పందొమ్మిదో శతాబ్దం నుంచి అక్కడికి వలస వెళ్లాయి. నగరానికి తూర్పున, పూర్వభాగం అని పిలిచే ప్రాంతంలో, సాఖర్ పేట, భద్రావతి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్ వంటి చోట్ల తెలుగు ఇప్పటికీ ఇంటి భాష. మగవారు మగ్గం, తర్వాత పవర్‌లూమ్. ఆడవారిలో చాలామంది బీడీలు. మార్కండేయ స్వామి గుడి, శ్రావణ పౌర్ణమి నాటి రథం. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చద్దర్లు, టర్కీ తువాళ్లు. దేశమంతా కప్పుకునే ఆ చద్దర్ నేసిన ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కప్పుకున్నవారికి తెలియకపోవడం మామూలే. ఇంత సరుకున్న విషయం తెలుగు సర్వస్వంలో నిండు వ్యాసం కావడానికి అడ్డేమిటి?

సోలాపూర్‌లో పుట్టి పెరిగిన యువకుడొకడు 'సోలాపూర్ తెలుగువారు' అని తెలుగు వికీపీడియాలో తన ప్రయోగశాల పేజీలో (సాధన కోసం ఉండే చిత్తు పేజీలో) మొదలుపెట్టాడనుకుందాం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదువు మరాఠీలో అయింది. తెలుగు లిపి కూడబలుక్కుని చదువుతాడు. వలస, గుడి, చద్దర్లు అని మూడు పేరాలు రాస్తాడు. నాలుగో పేరాకు మూలాలు కావాలి. అవి మరాఠీ పుస్తకాల్లో, సంచార్ వంటి స్థానిక పత్రికల పాత సంచికల్లో, 1884లో అచ్చయిన బొంబాయి ప్రెసిడెన్సీ గెజిటీర్ 20వ సంపుటంలో ఉంటాయి. భౌగోళిక గుర్తింపు వివరాలు చెన్నైలోని రిజిస్ట్రీ పత్రాల్లో ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని చదవగలవాడు తెలుగు గడగడా రాయలేడు. తెలుగు బాగా రాయగల కరీంనగర్ సభ్యుడు మరాఠీ చదవలేడు. మూడో పేరా దగ్గర వ్యాసం ఆగిపోవడంలో ఎవరి బద్ధకమూ లేదు. పనికి కావలసిన రెండు చేతులు రెండు ఊళ్లలో ఉన్నాయి.

ఆగిన వ్యాసం నిలవ సరుకులా ఉన్నచోట ఉండదు, పాడవుతుంది కూడా. పూర్వభాగం కార్మికుల ఇళ్ల సంగతే చూడండి. నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ, నేత కార్మికులు పట్టుబట్టి సాధించుకున్న రే నగర్ గృహ పథకానికి 2019 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. 30 వేల ఇళ్లు ప్రణాళిక. 2024 జనవరి 19న అందులో 15 వేల ఇళ్లను అప్పగించారు. 2019లో ఎవరైనా 'ప్రస్తుతం ఇళ్ల నిర్మాణం జరుగుతోంది' అని రాసి వదిలేసి ఉంటే, ఐదేళ్లకు దాన్ని తెరిచినవాడికి ఆ 'ప్రస్తుతం' ఏ సంవత్సరమో పేజీ చరిత్ర తవ్వితే గానీ తెలియదు. 'త్వరలో', 'ఇటీవల', 'ఈ మధ్య' అనేవి చిత్తుప్రతిలో రాయకూడని మాటలు. '2019 నాటికి' అని రాస్తే వాక్యం పాతబడుతుంది గానీ అబద్ధం కాదు.

ఇదే విషయంలో కుదురైన భాగాలూ ఉన్నాయి. 1930 మే నెలలో సోలాపూర్‌లో మార్షల్ లా విధించడం, 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందేలను ఎరవాడలో ఉరితీయడం వంటివి ఎప్పుడో స్థిరపడిన చరిత్ర. ఈ భాగం వరకు తెంపి విడి వ్యాసంగా ప్రచురించి, మిగతాది చిత్తుగా ఉంచడం తెలివైన పని. పెద్ద చిత్తుప్రతి అంతా ఒకేసారి గట్టెక్కాలని కూర్చుంటే ఆ గట్టు రాదు.

ఇక మూలాలే లేని భాగం. ఎవరి తాతలు ముందు వచ్చారు, ఏ మిల్లులో ఏ ఊరివారు చేరారు, మగ్గం పనిముట్లను అక్కడ ఏమని పిలుస్తారు, పెళ్లిలో ఏ పాట పాడతారు అన్నవి పెద్దవారి నోట ఉన్నాయి. వికీపీడియా నియమం ప్రకారం ప్రచురితం కానిది మూలం కాదు. 2011లో అచల్ ప్రభల నడిపిన ఒక ప్రయోగంలో మలయాళం, హిందీ, ఉత్తర సోతో భాషల్లో పెద్దల మాటలను రికార్డు చేసి వాటినే మూలాలుగా చూపే ప్రయత్నం జరిగింది. పీపుల్ ఆర్ నాలెడ్జ్ అనే చిత్రంగా అది అందుబాటులో ఉంది. చర్చ బాగా నడిచింది, నియమం మారలేదు. నా మటుకు నియమం పక్షమే, ఒక షరతుతో. మూలం లేని వాక్యాన్ని వ్యాసంలోంచి తీసేయాలి గానీ లోకంలోంచి తీసేయకూడదు. చర్చ పేజీలో 'ఇలా చెబుతారు, ఫలానా రకం పుస్తకంలో చూడాలి' అని ఉంచాలి. ఆ చెప్పిన పెద్దాయన పేరు, ఇంటి గుర్తులు మాత్రం అక్కడ రాయకూడదు. చిత్తుప్రతి కూడా బహిరంగమే.

జంట చిత్తులు మరో బెడద. ఒకరు 'షోలాపూర్ చేనేత' అని, ఒకరు 'సోలాపూర్ దుప్పట్లు' అని, ఇంకొకరు 'మహారాష్ట్ర పద్మశాలీలు' అని మొదలుపెడతారు. మూడిటిలోనూ మొదటి రెండు పేరాలు ఒకటే, చివరి పేరా దేనిలోనూ ఉండదు. ఏది మొదలుపెట్టేముందయినా పేరును రెండు మూడు రకాల వర్ణక్రమాలతో వెతకాలి. కలిపేటప్పుడు ఒకరి పాఠాన్ని కాపీ చేసి మరోచోట అంటించడం చాలామంది చేసే పని, చేయకూడని పని. వికీపీడియా లైసెన్సు ప్రకారం ప్రతి రచయితకూ గుర్తింపు దక్కాలి. ఆ గుర్తింపు పేజీ చరిత్రలో ఉంటుంది. 'తరలింపు' మీట నొక్కితే చరిత్ర వెంట వస్తుంది, అంటిస్తే వెనకే ఉండిపోతుంది. అంటించక తప్పనప్పుడు దిద్దుబాటు సారాంశంలో ఏ పేజీ నుంచి తెచ్చారో రాయాలి.

గడువు

ఇంగ్లీషు వికీపీడియాలో ఆరు నెలలు ఎవరూ ముట్టని చిత్తుప్రతిని తొలగించవచ్చు. అంతకుముందే రచయితకు హెచ్చరిక అందుతుంది. తొలగించినా అది డేటాబేసులో ఉంటుంది. నిర్వాహకులు చూడగలరు, రచయిత అడిగితే వెనక్కి తెస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ గడియారం కొలిచేది తప్పు వస్తువును. ఒక కామా మార్చినా గడువు మళ్లీ మొదటికి వస్తుంది. దాంతో ప్రచార వ్యాసం రాసుకునేవారు ఐదో నెలలో ఒకసారి వచ్చి కామా పెట్టి పోతారు. మంచి మూలాలు పేర్చి, జబ్బు చేసో ఉద్యోగం మారో రాలేకపోయినవారి పని చీపురు కిందికి పోతుంది. రోజూ వందల పేజీలు వచ్చిపడే ఇంగ్లీషులో వేరే దారి లేదేమో. చురుకైన సభ్యులు తక్కువగా ఉన్న భాషల్లో ఈ గడువును అలాగే దించుకోవడం అనవసరం. తెలుగులో ఒక విషయంపై మళ్లీ మరొకరు పూనుకోవడానికి ఆరు నెలలు కాదు, ఆరేళ్లు పట్టవచ్చు.

అలాగని అన్నిటినీ దాచమని కాదు. బతికున్న వ్యక్తిపై మూలం లేని నింద, వేరేచోటి నుంచి ఎత్తుకొచ్చిన పాఠం, దుకాణం ప్రకటన, ఇవి ఒక్కరోజు కూడా ఉండనక్కరలేదు. మనిషి చదివి చూడకుండా కృత్రిమ మేధ చేత రాయించి పెట్టిన పేజీలనూ ఇంగ్లీషు వికీపీడియా 2025లో సత్వర తొలగింపు జాబితాలో చేర్చింది. లేని పుస్తకాన్ని మూలంగా చూపడం వాటి ముఖ్య లక్షణాల్లో ఒకటి. గూగుల్ అనువాదాలను చూసినవారికి ఈ రకం నిండుదనం కొత్త కాదు. కళాశాల పోటీల్లో, శిక్షణ శిబిరాల్లో మూకుమ్మడిగా పుట్టే చిత్తులు వేరే జాతి. మార్కులు పడ్డాక రచయిత తిరిగి రాడు కాబట్టి, శిబిరం నడిపినవారే వాటికి పూచీ పడాలి.

అప్పగింత

నేతగాడు బట్ట కోసి తీశాక పాత పడుగు కొసలను మగ్గం అచ్చులోనే ఉంచుతాడు. కొత్త పడుగు పోగులను ఆ కొసలకే అతుకుతారు, ఆ పని మరొకరైనా చేయవచ్చు. చిత్తుప్రతిలో ఆ కొసలు చర్చ పేజీలో ఉండాలి. 'వ్యాసం పూర్తి చేయాలి' అని రాస్తే అది కొస కాదు. అది అందరికీ కనిపిస్తున్నదే. పనికొచ్చే చీటీ ఇలా ఉంటుంది: 'గెజిటీర్‌లో నేత కులాల భాగం చూసి రెండో పేరా రాశాను. మార్షల్ లా భాగానికి మరాఠీ పుస్తకం కావాలి, నా దగ్గర లేదు. చద్దర్ల గుర్తింపు సంవత్సరం రిజిస్ట్రీలో సరిచూడాలి. మార్కండేయ రథం గురించి విన్నది తప్ప చదివింది లేదు, అందుకే వ్యాసంలో పెట్టలేదు.' రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు. తర్వాత వచ్చినవాడికి వారం పని ఆదా అవుతుంది. చూసి, ఉపయోగం లేదని పక్కన పెట్టిన మూలాలను కూడా రాస్తే ఇంకా మేలు. లేకపోతే ప్రతివాడూ అదే పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తాడు.

పేజీ తలమీద 'నిర్మాణంలో ఉంది' అన్న పలక పెట్టడం వేరే సంగతి. అది నాలుగు రోజులు ఎవరూ చేయి పెట్టవద్దనే విన్నపం. ఏడాది దాటాక కూడా ఆ పలక ఉంటే, ఉన్న ఒక్క సహాయకుణ్ణి తరిమేయడానికే పనికొస్తుంది. కనిపించిన వారెవరైనా దాన్ని తీసేయవచ్చు.

చిత్తుప్రతులను విషయాల వారీగా వర్గీకరించి ఒక జాబితా పేజీలో పెట్టడం చిన్న వికీలకు బాగా నప్పుతుంది. తేదీల వారీ జాబితా తొలగించేవారికి ఉపయోగం. విషయాల వారీ జాబితా రాసేవారికి ఉపయోగం. దాంతోపాటు 'మరాఠీ చదవగలవారు కావాలి', 'ఫొటో కావాలి', 'గ్రంథాలయంలో చూడాలి' అని కావలసిన సాయాన్ని బట్టి గుర్తు పెడితే, సోలాపూర్ యువకుడూ కరీంనగర్ సభ్యుడూ ఒకే పేజీ దగ్గర కలుసుకోగలరు. ఒకరు మరాఠీ పేరా సారాంశాన్ని తనకొచ్చిన తెలుగులో చర్చ పేజీలో రాస్తారు. రెండోవారు దాన్ని వ్యాసంలోకి దిద్ది ఎక్కిస్తారు.

అలా సిద్ధమైన వ్యాసాన్ని ప్రధాన పేరుబరికి తరలించాక చేయవలసినవి కొన్ని మిగులుతాయి. 'షోలాపూర్' అన్న వర్ణక్రమం నుంచి దారిమార్పు పెట్టాలి. వర్గాలు చేర్చాలి. చేనేత, పద్మశాలి, సోలాపూర్ వ్యాసాల నుంచి లింకు ఇవ్వాలి, లేకపోతే అది అనాథ వ్యాసంగా మిగిలిపోతుంది. వేర్వేరు భాషల వ్యాసాలను ముడిపెట్టే వికీడేటాకు చిత్తుప్రతి దశలో కలపకూడదు కాబట్టి ఆ పనీ ఇప్పుడే. అది అయ్యాక మరాఠీ వికీపీడియాలో అదే విషయంపై వ్యాసం ఉంటే, దాని పక్కన భాషల జాబితాలో తెలుగు పేరు చేరుతుంది.